మాట లేని బటన్

బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమంటే పెట్టి చెబుతాను. మా అమ్మ మీద ఒట్టు మాత్రం వేయను. ఎందుకంటే ఈ సంగతి ఆమెదే.

ముందే ఒక మాట. నేను దయ్యాలను నమ్మే రకం కాదు. నమ్మేవాళ్లను చూసి పళ్లికిలించే రకం. సమాధుల పక్క నుంచి అర్ధరాత్రి సైకిల్ మీద ఈల వేసుకుంటూ పోయిన వాణ్ని. అలాంటి వాణ్ని... ఆ రాత్రి హనుమకొండ చౌరస్తా నుంచి దవాఖాన దాకా చెప్పుల్లేకుండా ఉరికాను. కాలికి గాజుపెంకు గుచ్చుకున్న సంగతి కూడా తెల్లారాక చూసుకున్నాను. నవ్వితే నవ్వండి. పూర్తిగా విన్నాక నవ్వండి.

ఎనభైల చివరి మాట. చౌరస్తాలో బట్టల దుకాణం పైన ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. నేను అక్కడ పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ని. మూడు కంప్యూటర్లు, ఒక ఏసీ, ఒక స్టెబిలైజర్. గదిలోకి చెప్పులతో రానిచ్చేవాళ్లం కాదు. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని భయం. వచ్చినవాళ్లు గుడి ముందర విడిచినట్టు మెట్ల మీద చెప్పులు విడిచి వచ్చేవాళ్లు.

మా అమ్మ పేరు గ్రేసమ్మ. కాజీపేటలో బాలవాడి ఆయమ్మ. ఆమె గొంతు సంగతి చెప్పాలి. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే హార్మోనియం వినబడేది కాదు. "గ్రేసమ్మ తుమ్మితే కాశిబుగ్గల మగ్గాలు ఆగుతయ్" అని నా దోస్తు యాదగిరి ఎగతాళి చేసేవాడు. వాడిది కాశిబుగ్గే, నేతపని వాళ్ల ఇల్లు. వాడు మాత్రం మగ్గం వదిలేసి రేడియోలు, టేప్ రికార్డర్లు రిపేరు చేసేవాడు.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. లోపలి మాటపెట్టె, అదే స్వరపేటిక, మొత్తం తీసేయాలి. ప్రాణం దక్కుతుంది... మాట దక్కదు.

ఆ రోజు నేను బస్టాండులో కూర్చుని ఏడ్చాను. సిగ్గేం లేదు. ఏడ్చాను.

అమ్మ మాత్రం ఏడవలేదు. "మాట లేకుంటె ఏమాయె, నిన్ను తిట్టుడెట్లరా అని ఫికర్" అంది.

అప్పుడే నాకు ఆ ప్రోగ్రాం గుర్తొచ్చింది. బెంగుళూరు నుంచి ఒక తెలిసినాయన ఫ్లాపీ మీద పంపాడు. టేపులో ఉన్న గొంతును కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కో బటన్‌కు ఒక్కో మాట కట్టిపెడుతుంది. బటన్ నొక్కితే మాట పలుకుతుంది. అంతే. దాన్ని ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. ప్రోగ్రాం రాసిన తీరు మొత్తం విప్పి లోపలే పెట్టారు. పైన ఒక మాట రాసి ఉంది. ఇది ఎవరి సొత్తూ కాదు, వాడుకోండి, మార్చుకోండి, పదిమందికి ఇవ్వండి, చెయ్యి వేసినవాళ్లు మీ పేరు రాయండి అని. దాని కింద వరసగా పేర్లు. ఏ ఊరి వాళ్లో, ఏ దేశం వాళ్లో. చివర నా పేరూ చేర్చాను. ఆ పేర్లలో ఒక్కరి మొహం కూడా నాకు తెలియదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే... తర్వాత చాలాసార్లు ఆ పేర్ల గురించే ఆలోచించాను.

సెంటర్ ఓనరు మంచివాడు. మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌ను చూపించి, "అమ్మ కోసం తీస్కపో ప్రభాకర్, ఈడ ఉన్నా దుమ్మేగద తినేది" అన్నాడు.

ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం అమ్మను సెంటర్‌కు తీసుకొచ్చాం. యాదగిరి టేప్ రికార్డర్ పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరు. ఒక్కో బటన్ మీద చిన్న తెల్లకాగితం అంటించి, తెలుగులో మాట రాశాను. నీళ్లు. అన్నం. చాయ్. నొప్పి. వద్దు. సాలు. స్తోత్రం. ప్రభా.

"గాడిద కొడుకా అని గూడ రాయి. అది లేకుంటె నాకు దినం గడువది" అంది అమ్మ. రాశాను. యాదగిరి పడీ పడీ నవ్వాడు.

"వస్తాన అని ఒకటి రాయి" అంది.

"అదెందుకమ్మా? నువ్వు ఇంట్లనే ఉంటవ్ గదా."

"ఎవలన్న పిలిస్తె పలుకాలె గద బిడ్డా. పలుకకుంటె మర్యాదనా?"

నేను నవ్వాను. ఎందుకంటే పిలిస్తే పలకడం గురించి మా అమ్మకు ఒక పద్ధతి ఉండేది. చిన్నప్పటి నుంచీ చూశాను. చీకటి పడ్డాక బయటి నుంచి ఎవరైనా పిలిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. ఒక్కసారి పిలిస్తే పలకకూడదు. రెండుసార్లు పిలిచినా పలకకూడదు. మూడోసారి పిలిస్తేనే మనిషి. "చర్చికి పోయేటోళ్లకు ఇదేందే" అని నేను ఎగతాళి చేస్తే, "ప్రార్థన ప్రార్థననే, పద్ధతి పద్ధతినే. మా అవ్వ చెప్పింది" అనేది. ఆమె చిన్నప్పుడు తొర్రూరు దగ్గరి పల్లెలో ఉండేవాళ్లు. అవ్వ అంటే వాళ్లమ్మ. పత్తి చేన్లో కలుపు తీసి పెంచింది. నేను పుట్టకముందే పోయింది.

వస్తాన, అంటే వస్తున్నా అనే మాటను, పైవరసలో, కుడి చేతి చివరి బటన్‌కు పెట్టాను. ఇరవై ఐదు మాటలయ్యాయి. ఎడమ చేతి పక్క, కింది మూలన ఒక్క బటన్ మిగిలింది.

"ఇంకొక్కటి చెప్పమ్మా."

"సాలు తియ్ బిడ్డా. అన్నీ నింపుతరా? ఒకటి ఖాళీ ఉండనీ."

కాగితం అంటించాను. ఏమీ రాయలేదు.

ఆమెను దవాఖానలో చేర్చి, పక్కన మా చిన్నమ్మను పడుకోబెట్టి, నేను మళ్లీ సెంటర్‌కు వచ్చాను. ఆ రాత్రే పని ముగించాలి. ఏదైనా మాట సరిగ్గా ఎక్కకపోతే... పొద్దున థియేటర్‌లోకి తీసుకుపోయే లోపల మళ్లీ చెప్పించుకోవాలి. ఆ తర్వాత ఆ గొంతు ఈ లోకంలో ఉండదు. నాకు మళ్లీ అడిగే అవకాశం లేదు.

యాదగిరి టేప్ రికార్డర్ నుంచి వైరు లాగి కంప్యూటర్‌కు కలిపి, పదకొండింటికి వెళ్లిపోయాడు. పోతూ పోతూ, "జర నిద్ర గూడ పోరా" అన్నాడు. కింద బట్టల దుకాణం షట్టర్ దింపిన చప్పుడు. తర్వాత నర్సంపేట వైపు ఒక లారీ పోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఏసీ మోత. స్టెబిలైజర్... టక్... టక్.

ఒక్కో మాట ఎక్కించాను. ఒక్కోటి విన్నాను. అప్పటి కంప్యూటర్‌లో స్పీకరు అంటే బొటనవేలంత. మా అమ్మ గొంతు రేకుడబ్బాలో తుమ్మెదను మూసినట్టు వచ్చింది. అయినా మాట తెలుస్తోంది. నొప్పి అనేది రెండుసార్లు చెడిపోయింది, మూడోసారి ఎక్కింది. ఒంటిగంట దాటింది. అన్నీ ఎక్కాయి.

ఇక అదంతా మూటగట్టి పాత కంప్యూటర్‌లో దించాలి. ప్రోగ్రాం ఒక ఫ్లాపీ, మాటలు రెండు ఫ్లాపీలు. మొత్తం మూడు. ఒకటి పెట్టు, అయ్యాక రెండోది పెట్టు, అయ్యాక మూడోది పెట్టు అని అడిగే చిన్న ఫైలు నేనే రాశాను. నా చేత్తో. నిద్రమత్తులో ఉన్నానా? ఉన్నాను. కానీ మూడు అంకె తెలియనంత మత్తు కాదు.

మూలనున్న కంప్యూటర్ మీది గుడ్డ తీశాను. ఆన్ చేశాను. పచ్చ అక్షరాలు వచ్చాయి. మొదటి ఫ్లాపీ. క్ర్ర్... క్ర్ర్... అయింది. రెండోది. అయింది. మూడోది పెట్టాను. అయింది. కుర్చీలో వెనక్కి వాలాను.

తెర మీద ఇంకొక వరస వచ్చింది.

నాలుగో డిస్కు పెట్టి ఏదైనా బటన్ నొక్కమంది.

చూశాను... మళ్లీ చూశాను. నాలుగోది లేదు. నేను రాయలేదు. తప్పు కొట్టి ఉంటానని నన్ను నేనే తిట్టుకున్నాను. మూడో ఫ్లాపీ లోపలే ఉంది. దాన్ని తీయకుండానే ఒక బటన్ నొక్కాను.

ఎర్రదీపం వెలిగింది. డ్రైవు తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది... తిరిగింది. ఆ చప్పుడు వేరు. ఫ్లాపీ చదివే చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుసు. ఇది ఆగి ఆగి వచ్చింది. ముసలివాళ్లు మెట్లెక్కుతూ మధ్యలో నిలబడ్డట్టు. ఎంతసేపో చెప్పలేను. నా చేతులు చల్లబడ్డాయి. ఏసీ వల్లనే అనుకున్నాను.

ఎర్రదీపం ఆరింది. అంతా దిగిందని తెర మీద వచ్చింది.

సరే, పని అయింది కదా. బటన్‌లు ఒక్కోటి నొక్కి చూశాను. నీళ్లు. అన్నం. చాయ్. అన్నీ పలుకుతున్నాయి. రేకుడబ్బాలో అమ్మ. గాడిద కొడుకా దగ్గర నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. అలా వరసగా పోతూ... చివరన... ఆ ఖాళీ బటన్ మీద కూడా వేలు పడింది.

ఏమీ రాలేదు. రావద్దు కదా. అక్కడ మాటే లేదు.

వేలు తీశాను.

అప్పుడు... లోపల ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

రేకుడబ్బా మోత కాదు. తుమ్మెద కాదు. ఊపిరి. నా చెవి పక్కన ఉన్నంత దగ్గరగా. దాని వెనక గాలి... ఎండిన ఆకుల మీద నుంచి పోయే గాలి. నేను కదల్లేదు. స్టెబిలైజర్ కూడా టక్ అనలేదు. తర్వాత ఆడమనిషి గొంతు. నెమ్మదిగా. ప్రేమగా. అంత ప్రేమగా పిలిచినందుకే నాకు భయమేసింది.

"లచ్చీ... రా."

గోడ గడియారం చూశాను. రెండు దాటి కొంచెం అయింది.

లచ్చి ఎవరు? మా ఇంట్లో లచ్చి లేదు. మా చర్చిలో లేదు. ఆ బటన్ మళ్లీ నొక్కాను. ఏమీ లేదు. ఇంకోసారి... లేదు. లోపల ఉన్న ఫైళ్ల పేర్లు తెర మీదికి తెచ్చి లెక్కపెట్టాను. ఇరవై ఐదు. నేను రాసిన చిన్న ఫైలు తెరిచి చూశాను. మూడు ఫ్లాపీలే అడుగుతోంది. నాలుగు అనే మాటే అందులో లేదు.

అప్పుడు ఉరికాను. చెప్పులు మెట్ల మీదే ఉన్నాయి. ఆగి తొడుక్కునే ధైర్యం లేదు.

దవాఖాన వార్డులో అందరూ నిద్ర. చిన్నమ్మ గురక పెడుతోంది. మా అమ్మ మాత్రం మంచం మీద లేచి కూర్చుని ఉంది. తలుపు వైపే చూస్తోంది.

"ఏందమ్మా... నిద్ర పోలేదా?"

"పోయిన బిడ్డా. ఎవలో పిలిచినట్టయి లేచిన. ఇందాక రెండు గొట్టింది సూడు, గప్పుడే."

"నువ్వు... పలికినవా?"

"పిచ్చోడా, ఒక్కసారికే పలుకుతరా ఎవలన్న?" అని నవ్వింది. తర్వాత నా కాళ్లు చూసింది. "చెప్పులేవిరా?"

నేను చెప్పలేదు. ఆ గొంతు సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే ఆపరేషన్ వద్దంటుందేమోనని భయం. వద్దంటే గడ్డ ఊరుకోదు. తెల్లవార్లూ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పొద్దున థియేటర్ తలుపు దగ్గర ఆమె అన్న చివరి మాట పాటా కాదు, ప్రార్థనా కాదు. "ప్రభా, ఏమన్న తిను బిడ్డా." అంతే. ఆ గొంతు అక్కడితో అయిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మెడకు తెల్లగుడ్డ, చేతికి పలక, బలపం. ఇంటికి తెచ్చుకున్నాం. పాత కంప్యూటర్‌ను, కొత్తగా కొన్న ఒక స్టెబిలైజర్‌తో సహా, ఆమె గదిలో పెట్టాను. వాడకట్టు వాడకట్టంతా వచ్చింది. అమ్మ ఒక్కో బటన్ చూసి, తడిమి, నొక్కింది. మొదటి మాట ఏమిటనుకున్నారు? "గాడిద కొడుకా." ఇల్లంతా నవ్వులు. యాదగిరి ఈల వేశాడు. నేను వంటింట్లోకి పోయి గోడకు తల ఆనించి ఏడ్చాను. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

ఆ ఖాళీ బటన్‌ను అప్పటికే పదిసార్లు నొక్కి చూశాను. ఒక్కసారీ పలకలేదు. మూడోనాడు యాదగిరీ నేనూ ఆమె గదిలో చాయ్ తాగుతున్నాం. అమ్మ కీబోర్డు మీద దుమ్ము తుడుస్తోంది. గుడ్డ ఎడమ మూలకు జరిగింది.

ఊపిరి... గాలి... "లచ్చీ... రా."

అమ్మ చేతిలో గుడ్డ జారిపోయింది. ఆమె మొహం భయపడ్డ మొహం కాదు. చిన్నపిల్ల మొహం. అరవై ఏళ్ల మనిషి... అలా ఎలా మారిందో నాకు తెలియదు. పలక తీసుకుని రాసింది.

మా అవ్వ.

కింద ఇంకో వరస రాసింది.

బాప్తిస్మానికి ముందు నా పేరు లచ్చి. ఇది రెండోసారి.

యాదగిరి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. బయటికి వచ్చాక నా మీదే లేచాడు. "అరే, అమ్మ ఆనాడు చాయ్ తాగుకుంట పరాచికానికి వాళ్లవ్వ లెక్క పిలిచి ఉంటది. టేపు ఆగలేదేమో. నువ్వే నిద్రమత్తుల ఎక్కించినవ్."

"అది అమ్మ గొంతేనా? నువ్వు విన్నవ్ గదా."

వాడు క్యాసెట్ తెమ్మన్నాడు. వాడు ఎన్ని వందల టేపులు రిపేరు చేశాడో. ఏ గొంతు ఎవరిదో చిటికెలో చెప్పగలడు. ఆ రాత్రే క్యాసెట్ మొత్తం రెండు వైపులా విన్నాం. ఇరవై ఐదు మాటలు. మా నవ్వులు. ఇంకేమీ లేదు.

రెండుసార్లయింది. ఇంకొక్కటి మిగిలింది. నాకు అదే లెక్క. నవ్వే రకం వాణ్ని, ఆ రోజు నుంచి నవ్వడం మానేశాను. ఆ మాటను చెరిపేద్దామంటే చెరపడానికి అక్కడ ఏమీ లేదు. కంప్యూటర్‌ను ఇంట్లోంచి తీసేద్దామంటే అమ్మ మాట పోతుంది. "నీళ్లు" అని అడగడానికి కూడా ఆమెకు అదే దిక్కు. చివరికి చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి ఆ ఖాళీ బటన్ పైదొప్పను పీకేశాను. కింద మొండిపుల్ల మిగిలింది. దొప్ప జేబులో వేసుకున్నాను. అమ్మ చూస్తూ ఉంది. వద్దనలేదు. నా తల నిమిరింది.

వానలు మొదలయ్యే దాకా ఏమీ కాలేదు. అమ్మ కొంచెం ఒళ్లు చేసింది. బాలవాడి పిల్లలు వచ్చి బటన్‌లు నొక్కించుకుని తిట్లు తినిపోయేవాళ్లు. నేను మరిచిపోతున్నాననే అనుకున్నాను.

ఆ రాత్రి ఉక్కగా ఉందని వరండాలో పడుకున్నాను. ఎప్పుడో మెలకువ వచ్చింది. ఎందుకో తెలియదు. చినుకులు లేవు. కుక్కలు లేవు. లోపల అమ్మ గదిలో... టక్.

స్టెబిలైజర్.

తలుపు కింద నుంచి పచ్చటి వెలుతురు. లేవాలనుకున్నాను. లేవలేదు. కాళ్లు రాలేదు అంటే నమ్మండి.

ఊపిరి పీల్చుకున్న చప్పుడు. గాలి. ఈసారి ఆకుల చప్పుడు కూడా విడివిడిగా వినబడింది.

"లచ్చీ... రా."

ఎవరూ పలకలేదు. నేను మనసులో అన్నాను... అమ్మా, పలకొద్దు. పలకొద్దమ్మా. అంటూనే ఉన్నాను. చాలాసేపు. ఇక పలకదని అనుకున్నాను.

రేకుడబ్బాలోంచి వచ్చింది. చిన్నగా. మా అమ్మ గొంతు.

"వస్తాన."

తలుపు తోసేసరికి ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. తల ముందుకు వాలింది. కుడి చేతి వేలు పైవరస చివరి బటన్ మీద ఉంది. ఎడమ చెయ్యి ఒడిలో, పలక మీద ఉంది. పలక మీద ఏమీ లేదు. నిద్రపోయిందనే అనుకున్నాను. భుజం పట్టుకుని పిలిచాను. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు కూడా పిలిచాను. డాక్టరు వచ్చి, నిద్రలోనే గుండె ఆగింది, బాధ పడలేదు అన్నాడు. నిద్రలో ఎలా? కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ ఆన్ చేసుకుని ఎలా? అడగలేదు. అడిగి ఏం చేస్తాను?

యాదగిరి ఇప్పటికీ ఒకటే అంటాడు. ఆ మొండిపుల్లను ఆమే నొక్కింది, జవాబూ ఆమే ఇచ్చుకుంది, వాళ్లవ్వ యాదికొచ్చి అట్ల చేసింది అని. అయి ఉండొచ్చు. కాదనడానికి నా దగ్గర ఏముంది? ఆ గొంతు మూడు ఫ్లాపీల్లోకి ఎలా వచ్చిందో, నాలుగోది ఎవరు అడిగారో వాడూ చెప్పలేడు, నేనూ చెప్పలేను. ఆ పేర్ల వరసలో ఎవరైనా ఏమైనా కలిపారా? తొర్రూరు పక్క పల్లెలో ఎప్పుడో పోయిన కూలిమనిషి గొంతు వాళ్లకెందుకు, ఎలా?

కంప్యూటర్ చెడిపోయింది, పడేశాను. ఆ మూడు ఫ్లాపీలు మాత్రం ఉన్నాయి. బీరువాలో, అమ్మ బైబిలు కింద. ఎక్కడో ఒక పాత మిషన్ దొరికితే ఇప్పటికీ పలుకుతాయని యాదగిరి అంటాడు. మిషన్ కూడా చూసి పెట్టాడు. "వినురా ఒకసారి, అమ్మ గొంతు వినాలె అనిపిస్తలేదా?" అంటాడు.

అనిపిస్తుంది. ప్రతిరోజూ అనిపిస్తుంది. కానీ అందులో నా పేరు ఉంది. "ప్రభా" అని. ఆమె ఉన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో, అదంతా వేరు. ఇప్పుడు వింటే... అది మొదటిసారి అవుతుంది.